ప్రోటీన్ స్ఫటికాల్లో నీరంతా కదలకుండా ఉండదు

ప్రోటీన్ అణువులు క్రమంగా పేర్చుకుని ఏర్పడే స్ఫటికంలోని నీరంతా ఆ అణువులకు అతుక్కుని కదలకుండా ఉంటుందని ఒక వ్యాసంలో రాశారు; అది సరికాదు. ఈ స్ఫటికాల ఘనపరిమాణంలో సాధారణంగా దాదాపు సగం నీరే. ప్రోటీన్‌ను అంటిపెట్టుకున్న తొలి పొర నెమ్మదిగా కదిలినా, అణువుల నడుమ ఉన్న సన్నని కాలువల మధ్యభాగంలో నీరు చాలావరకు మామూలు ద్రవంలాగే మసలుతుంది. స్ఫటికాన్ని ఔషధ ద్రావణంలో నానబెట్టినప్పుడు మందు అణువులు లోపలికి చేరేది ఈ దారుల గుండానే. 1934లో శాస్త్రవేత్తలు బెర్నాల్, డొరొతీ క్రోఫుట్ పెప్సిన్ అనే జీర్ణరస ప్రోటీన్ స్ఫటికాన్ని అది పెరిగిన ద్రవంలోనే తడిగా ఉంచబట్టి ఎక్స్‌రే చిత్రంలో అణువుల క్రమమైన అమరికను తెలిపే స్పష్టమైన చుక్కలు పడ్డాయి. ఆరనిస్తే ఆ క్రమమే చెదిరిపోతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎం. విజయన్ బృందం లైసోజైమ్ అనే ప్రోటీన్ స్ఫటికాల చుట్టూ గాలిలో తేమను తగ్గిస్తూ, నీరు బయటికి పోయేకొద్దీ అణువుల అమరిక ఎలా మారుతుందో చూపింది. ఆ పరిశోధన ప్రస్తావన ఆ వ్యాసంలో లేకపోవడం లోటే.