షియరర్ గారి కూలి బాకీ

పని చేయించుకుని కూలి ఎగ్గొట్టడం కంటే పెద్ద పాపం ఇంకొకటి లేదని మా తాతగారు అనేవారు. అందుకే 1929 ఆగస్టులో న్యూయార్క్ కోర్టు మెట్లెక్కిన విలియం షియరర్ అనే కష్టజీవి కోసం ఇన్నేళ్లుగా ఒక్క కార్మిక సంఘమైనా జెండా పట్టుకోకపోవడం నాకు బాధగానే ఉంది. పాపం, ఆయన అడిగింది ఏమంత గొంతెమ్మ కోరికా కాదు. మూడు అమెరికన్ ఓడల కంపెనీలు తనతో చాకిరీ చేయించుకుని, 50 వేల డాలర్ల చిల్లర చేతిలో పెట్టి పొమ్మన్నాయని, ఇంకో రెండున్నర లక్షల పైచిలుకు రావాలని దావా వేశాడు. అంతే.

ఏం చాకిరీ అంటారా? 1927 జూన్‌లో అమెరికా, బ్రిటన్, జపాన్ జెనీవాలో కూర్చుని యుద్ధనౌకలు తగ్గించుకుందామనుకున్నాయి. తగ్గిపోతే ఓడలు కట్టేవాళ్ల నోట్లో మట్టే కదా! కాబట్టి ఆ సంబంధం కుదరకుండా చూసుకోవడం షియరర్ గారి డ్యూటీ. ఆ ఒక్క ట్రిప్పుకే 25 వేల డాలర్లు. ఆయన అక్కడ నౌకాదళ నిపుణుడి అవతారమెత్తి, విలేకరులను పట్టుకుని, బ్రిటన్‌కు ఎన్ని ఓడలున్నాయో, మనకెంత అన్యాయం జరిగిపోతోందో పట్టికలు వేసి మరీ పంచిపెట్టాడు. లోపల ప్రతినిధులేమో క్రూయిజర్ అనే రకం యుద్ధనౌక మీద ఎనిమిదంగుళాల ఫిరంగి ఉండాలా, ఆరంగుళాలది చాలా అని ఆరు వారాలు తన్నుకుని, ఆగస్టు 4న చాప చుట్టేశారు.

నా ఉద్దేశంలో, షియరర్ వెళ్లకపోయినా ఆ సంబంధం చెడేదే. కట్నం దగ్గరే తేడా వచ్చింది. కానీ పెళ్లి కుదిర్చిన పేరయ్య కమిషన్ అడగడం లోకంలో ఉన్నదే, చెడిపోయిన పెళ్లికి ఎదురెళ్లి “చెడగొట్టింది నేనే, నా ఫీజు ఏదీ?” అని కోర్టులో అడిగే గుండె ఎంతమందికి ఉంటుంది? ఆయన డబ్బు అడిగాడు కాబట్టే అసలు సంగతి లోకానికి తెలిసింది. అధ్యక్షుడు హూవర్ మండిపడ్డాడు. సెనేట్ విచారణ పెట్టింది. కంపెనీల పెద్దలు వచ్చి, అబ్బే, ఆయన్ను ఊరికే పరిశీలకుడిగా పంపామండీ అన్నారు. కూర్చుని చూసి రావడానికి 25 వేల డాలర్లు! మా ఆఫీసులో అలాంటి పరిశీలకులు ఓ పదిమంది ఉన్నారు కానీ, జీతాలు ఆ లెవెల్లో లేవు.

షియరర్ చేసినవన్నీ ఆయన సొంత బుర్రలో పుట్టినవనుకుంటే పొరపాటు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మళ్లీ యుద్ధాలు రాకూడదని దేశాలు పెట్టుకున్న నానాజాతి సమితి ఒడంబడికలోని ఎనిమిదో అధికరణమే, ప్రైవేటు కంపెనీలు ఆయుధాలు తయారుచేయడం మీద తీవ్రమైన అభ్యంతరాలున్నాయని ఒప్పుకుంది. 1921లో సమితి వేసిన సంఘం ఆ అభ్యంతరాలను ఆరుగా విడగొట్టి రాసిపెట్టింది: యుద్ధ భయం రేపుతారు, అధికారులకు లంచాలిస్తారు, పక్క దేశం బలం గురించి అబద్ధాలు పుట్టిస్తారు, పత్రికలను గుప్పిట్లో పెట్టుకుంటారు, ఇలా. అది నేరాల చిట్టా అని సంఘం అనుకుంది. కంపెనీలు మాత్రం ఉద్యోగ ప్రకటన అనుకున్నట్టున్నాయి.

సమితి చేతులు కట్టుకుని కూర్చుందని నింద వేయకండి. 1925లో జెనీవాలోనే 44 దేశాలను కూర్చోబెట్టి, ఎవరు ఎవరికి ఎన్ని తుపాకులు అమ్మారో బహిరంగంగా లెక్క చూపాలని జూన్ 17న ఒప్పందం రాయించింది. కొనుక్కునే చిన్న దేశాలు గొల్లుమన్నాయి. సొంత కార్ఖానాలో చేసుకునేవాడి లెక్క గుట్టుగానే ఉంటుంది, కొనుక్కునేవాడి ఇంట్లో ఎన్ని తూటాలున్నాయో మాత్రం ఊరందరికీ తెలిసిపోతుంది. ఇదెక్కడి న్యాయం? అయినా సంతకాలు పడ్డాయి. 14 దేశాలు ఖరారు చేస్తే చాలు, అమల్లోకి వచ్చేస్తుంది. కానీ పెద్దింటి మర్యాదలు అడ్డొచ్చాయి. “ముందు మీరు కానివ్వండి”, “అబ్బే, ముందు మీరే” అనుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడ్డారు. విందులో ఎవరూ మొదటి ముద్ద ఎత్తలేదు. ఆ ఒప్పందం చివరిదాకా అమల్లోకి రాలేదు.

ఇక కాగితాల్లో నిజాయితీ అంటారా? 1928 జనవరి 1న ఇటలీ నుంచి వచ్చిన ఐదు రైలు వ్యాగన్లను ఆస్ట్రియా సుంకం అధికారులు హంగరీ సరిహద్దులో, సెంట్‌గొథార్డ్ స్టేషన్ దగ్గర విప్పి చూశారు. కాగితంలో “యంత్ర భాగాలు” అని ఉంది. లోపల మెషిన్ గన్ల భాగాలు. నన్నడిగితే ఇందులో అబద్ధమేం లేదు. మెషిన్ అని రాశారు, తొందరలో గన్ అన్న ముక్క జారిపోయింది. సమితి నిపుణులు తీరిగ్గా వెళ్లేసరికి సరుకు విరిగి తుక్కు రూపంలో దర్శనమిచ్చింది.

జెనీవా కోరుకున్న లాంటి లెక్క నాకు తెలిసి ఒక్క మన మన్యంలోనే దొరికింది. అదీ ఒప్పందానికి మూడేళ్ల ముందే. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి 26 తుపాకులు పట్టుకెళ్తూ, ఏమేం తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్లాడని చెబుతారు. ఎక్కడి నుంచి, ఎన్ని, ఎవరికి, అన్నీ ఉన్నాయి. ముందు మీరు అనలేదు. ఇంత పద్ధతైన మనిషి కోసం దొరలు సైన్యాన్ని దింపారు.

బ్రిటన్‌కు పట్టుదల లేదనడం కూడా తప్పే. 1933 ఫిబ్రవరి 27న చైనాకూ జపాన్‌కూ ఆయుధాలు అమ్మబోమని ఒట్టు పెట్టుకుంది. మీద పడ్డ జపాన్‌కీ, దెబ్బలు తింటున్న చైనాకీ ఒకే నియమం; పక్షపాతం లేదు. జపాన్ తన ఆయుధాలు తనే చేసుకుంటుందన్నది వేరే సంగతి. ఇంకెవరూ కలిసి రాలేదని మార్చి 13న ఒట్టు తీసి గట్టున పెట్టింది. రెండు వారాలు. మాల వేసుకున్న మా పక్కింటి సుబ్బారావు సిగరెట్ మానేది 41 రోజులు.

చివరికి ప్రైవేటు ఆయుధాల తయారీ సంగతి తేల్చడానికి లండన్‌లో రాయల్ కమిషన్ అనే ప్రభుత్వ విచారణ సంఘం కూర్చుంది. 1936లో వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్స్ అనే బ్రిటిష్ ఆయుధాల కంపెనీ పెద్దాయన సర్ చార్లెస్ క్రేవెన్ సాక్ష్యానికి వచ్చారు. మీ సరుకును పరాయి దేశాలకు పంపడం పిల్లల క్రాకర్లు పంపడం కంటే ప్రమాదం అనిపించదా అని అడిగారు. క్రిస్మస్ విందుల్లో ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగితే ఠప్‌మనే కాగితపు గొట్టాలు, అవీ ఆ క్రాకర్లు. క్రేవెన్ గారు తడుముకోకుండా, క్రాకర్ వల్ల ఓసారి నాకు కన్ను పోయినంత పనైంది కానీ తుపాకీ వల్ల ఎప్పుడూ కాలేదన్నారు. కమిషన్ ఆ ఏడాదే నివేదిక ఇచ్చింది: ఈ కంపెనీలను ప్రభుత్వం తీసుకోవాల్సిన పని లేదని.

నేను నవ్వలేదు. పోయిన దీపావళికి మా మేనల్లుడు చిచ్చుబుడ్డి మీదికి వంగి సగం కనుబొమ్మ కాల్చుకున్నాడు. రాత్రి పదింటికి కళ్ల డాక్టరు దగ్గర క్యూలో కూర్చున్నాం. అక్కడున్న పదిహేడు మందిలో ఫిరంగి పేల్చి వచ్చినవాడు ఒక్కడూ లేడు. మా అక్క మాత్రం వాడి వీపు మీద ఒక్కటేసి, వచ్చే ఏడాది నీకు కాకరపువ్వొత్తులు కూడా లేవురా అంది.