మోంటాగ్‌ని మార్చింది పుస్తకాలు కావు

రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన ‘ఫారెన్‌హీట్ 451’ గురించి ఎవరు మాట్లాడినా కథ ఒకేలా చెప్తారు. పుస్తకాలు నిషేధమైన లోకంలో వాటిని తగలబెట్టే ఉద్యోగి మోంటాగ్, పక్కింటి అమ్మాయి క్లారిస్ అడిగిన ప్రశ్నకి కదిలిపోయాడు, పుస్తకం తెరిచాడు, కళ్లు తెరుచుకున్నాయి. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. సొంత బుర్ర అంత సులువుగా వచ్చేస్తే ఆ నవల రాయాల్సిన పనే లేదు.

అసలు క్లారిస్ పరిచయమయ్యే నాటికే మోంటాగ్ ఇంట్లో దొంగచాటు పుస్తకాలున్నాయి. ఎందుకో తనకే తెలియకుండా ఏడాదిగా ఒక్కొక్కటే తెచ్చి దాచాడు. అవి అతన్ని ఏం మార్చాయి? ఏమీ లేదు. ఇక మోంటాగ్ పై అధికారి కెప్టెన్ బీటీ! ఆ నవలలో అందరికంటే ఎక్కువ చదివినవాడు ఆయనే. ఏ వాదనకైనా నాలుగు కొటేషన్లు విసురుతాడు, మళ్లీ వెళ్లి ఇళ్లు తగలబెడతాడు. చదవడం వేరు, ఆలోచించడం వేరు అనడానికి బీటీ కంటే సాక్ష్యం ఏం కావాలి?

క్లారిస్ ‘మీరు సంతోషంగా ఉన్నారా?’ అని అడిగిన రాత్రే, మోంటాగ్ భార్య మిల్డ్రెడ్ నిద్రమాత్రల సీసా ఖాళీ చేసి పడి ఉంటుంది. డాక్టరు రాడు. ఇద్దరు పనివాళ్లు మెషిన్లు తెచ్చి కడుపు కడిగి, రక్తం మార్చి, యాభై డాలర్లు తీసుకుంటారు. ఇలాంటి కేసులు రాత్రికి తొమ్మిదో పదో వస్తాయంటారు. తెల్లారితే ఆమెకి ఏమీ గుర్తుండదు. మోంటాగ్‌కి మనశ్శాంతి పోయింది అక్కడ. తర్వాత ఒక ముసలావిడ తన పుస్తకాలతో పాటు తనూ కాలిపోవడానికి తనే అగ్గిపుల్ల గీసుకోవడం చూసి మంచం పట్టాడు.

నాకు ప్రాణమైన చోటు ఇంకా తర్వాత వస్తుంది. రిటైరైన ప్రొఫెసర్ ఫేబర్, మోంటాగ్ చెవిలో చిన్న రేడియో పెట్టి అవతలి నుంచి ఏం చెయ్యాలో చెప్తుంటాడు. అప్పుడు మోంటాగ్ అంటాడు: నేనేం ఆలోచించడం లేదు, ఎప్పటిలాగే చెప్పింది చేస్తున్నాను, డబ్బు తెమ్మన్నారు తెచ్చాను. పక్షం మారి కూడా చెప్పింది చేసేవాడిగానే ఉంటే మారడం దేనికి? నా దృష్టిలో నవలకి గుండెకాయ ఇదే. బీటీ మాట వదిలి ఫేబర్ మాట పట్టుకున్నంత మాత్రాన ఎవడూ స్వతంత్రుడైపోడు. ఆ సంగతి మోంటాగ్‌కే తట్టింది, అందుకే నాకు అతనంటే అంత గౌరవం.

అయినా తప్పులు చేస్తూనే ఉంటాడు. ఫేబర్ వద్దంటున్నా భార్య స్నేహితురాళ్ల ముందు కవిత చదివి ఒకావిడని ఏడిపిస్తాడు. బీటీని కాల్చేస్తాడు. అది ఆలోచన కాదు, ఆవేశం. పారిపోతూ, చెవిలో ఎవరూ లేకుండా నదిలో కొట్టుకుపోతున్నప్పుడు మాత్రం, సూర్యుడు ఎలాగూ కాలాన్ని కాలుస్తున్నాడు, మనుషులు కూడా కాలిస్తే ఏం మిగులుతుంది, నేనిక కాల్చకూడదు అనుకుంటాడు. పూర్తిగా తనదైన మొదటి ఆలోచన అదే.

ఊరి బయట పుస్తకాలు కంఠస్థం చేసుకుని బతికే ఒక గుంపులో చేరతాడు. చివరికి నగరం బాంబులకి నాశనమయ్యాక మోంటాగ్ నడక మొదలుపెడితే మిగతావాళ్లు అతని వెనకే వస్తారు. అతను ఆశ్చర్యపోయి, ఆ గుంపుకి పెద్దయిన గ్రాంజర్‌ని ముందుకు పోనివ్వడానికి పక్కకి తప్పుకుంటాడు. నువ్వే పద అన్నట్టు గ్రాంజర్ తలూపాక గానీ కదలడు. దారి చూపేవాడి కోసం వెతుక్కునే అలవాటు ఆఖరి పేజీల దాకా వదల్లేదు. మోంటాగ్ కథ పిల్లలకి చెప్పేవాళ్లు దయచేసి ఆ పక్కకి తప్పుకోవడాన్ని ఎగరగొట్టకండి.