బెల్లం, ఈస్టు పోస్తే లెట్రిన్ ట్యాంకు తీయించక్కర్లేదా?

మూడు రోజులుగా మా ఇంటి గ్రూపులో, తర్వాత వీధి గ్రూపులో, నిన్న ఆఫీసు గ్రూపులో కూడా ఒకే మెసేజ్. "కిలో బెల్లం, వంద గ్రాముల ఈస్టు, రెండు తట్టల ఆవుపేడ కలిపి ట్యాంకులో పోయండి, జన్మలో బండి పిలవక్కర్లేదు. మూడేళ్లకోసారి తీయించమనడం ట్యాంకర్ల వాళ్ల దందా. నిండితేనే తీయించాలి, అదీ మనిషిని దింపితే చవగ్గా అయిపోతుంది." మొదట పంపింది రాజాంలో ఉండే మా బావే కాబట్టి ఊరుకుందామనుకున్నాను గానీ, మా అత్త కూడా "రేపే వేయిస్తాను" అని రాసేసరికి ఇక ఆగలేకపోయాను.

బెల్లం నీళ్లలో ఈస్టు వేస్తే తయారయ్యేది సారా ఊట. మన జిల్లాల్లో ఇది ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఈస్టు తినేది తీపిని, బెల్లం అయిపోతే దాని పనీ అయిపోతుంది. అడుగున దిగిన మడ్డి, ఇసుక, పైన తేలే నూనె జిడ్డు, వీటి జోలికి అది పోదు. మడ్డిని కుళ్లబెట్టే బాక్టీరియా మన మలంలోనే కోట్లకొద్దీ ఉంటుంది, రోజూ కొత్తది వెళ్తూనే ఉంటుంది, బజార్లో కొని వేయాల్సిన పని లేదు.

పేడ సంగతి ఇంకా చిత్రం. గోబర్ గ్యాస్ ప్లాంటు చూసినవాళ్లకి తెలుసు, ఒక వైపు పేడ వేస్తుంటే రెండో వైపు నుంచి స్లర్రీ వస్తూనే ఉంటుంది. పేడ కోసమే కట్టిన ప్లాంటులోనే పేడ మాయం కాదు కదా, లెట్రిన్ ట్యాంకులో ఎలా మాయమవుతుంది? ఆవు అరిగించుకోలేక వదిలేసిన పీచే అందులో ఎక్కువ. అంటే ఉన్న మడ్డికి మనమే రెండు తట్టలు కలుపుతున్నాం.

"నిండితేనే తీయించాలి" అన్న మాటకి చాలామంది పడిపోతారు, ఎందుకంటే వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది! ఇంట్లో ఐదుగురు, మనిషికి వంద లీటర్ల లెక్కన రోజుకి 500 లీటర్లు లోపలికి వెళ్తే, 3,000 లీటర్ల ట్యాంకు ఆరు రోజుల్లో నిండుతుంది. ఆ తర్వాత ఎంత నీరు వస్తే అంత ఇంకుడు గుంతలోకి పోతుంది. చూడాల్సింది నీటి మట్టం కాదు, అడుగున మడ్డి ఎంత ఎత్తు ఉందన్నది. పొడవాటి కర్రకి పాత తెల్ల తువ్వాలు చుట్టి అడుగుదాకా దింపి తీస్తే నల్ల మరక ఎంతవరకు పట్టిందో కనిపిస్తుంది. మూడో వంతు దాటితే బండి పిలవాలి. మూత తీశాక కాస్త పక్కకి జరిగి నిలబడండి, అగ్గిపుల్ల మాత్రం గీయకండి, లోపల మండే గ్యాసు, మీథేన్, ఉంటుంది.

ఇక దందా. రెండు మూడేళ్లకోసారి తీయించమన్నది ట్యాంకర్ డ్రైవర్ కాదు, మంచినీళ్లు, మురుగు పనులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపీహెచ్ఈఈఓ వాళ్ల మాన్యువల్. మా అత్తగారింట్లో పదకొండేళ్లు ముట్టుకోలేదు. మడ్డి పెరిగి పెరిగి ఇంకుడు గుంతలోకి దిగి మట్టి రంధ్రాలు మూసేసింది. అక్టోబరు వానలకి నేలలో నీరు పైకొచ్చిందో లేదో, మురుగు బాత్రూములోకి ఎదురు తన్నింది. బండి ఖర్చు మిగిలిందనుకుంటే కొత్త గుంత తవ్వించాల్సి వచ్చింది. (ప్లాస్టిక్ ట్యాంకు అయితే వానాకాలంలో పూర్తిగా ఖాళీ చేయించకండి, నేలలో నీరు ఉంటే పైకి తేలిపోతుంది.) బండివాళ్లలో మోసం లేదనను, తోడింది రాత్రిపూట గెడ్డలో (వాగులో) వదిలేసేవాళ్లు ఉన్నారు. డబ్బులిచ్చే ముందు ఎక్కడ పోస్తావని అడగాలి.

మెసేజ్‌లో నాకు నిజంగా కోపం తెప్పించింది ఆఖరి ముక్క. ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనే పట్టదు, దిగినవాడు వాసన పోయిందనుకునేలోపే కూలిపోతాడు. వాణ్ని లాగడానికి దిగినవాడూ అంతే. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు సీవర్ (మురుగు కాలువ) మరణాలకి పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచింది. "చవగ్గా" అంట!

బావా, ఆదివారం రాజాం వస్తున్నాను. మూత మీద పూలకుండీలు తీయించి, గునపం, పాత తువ్వాలు ఒకటి సిద్ధంగా ఉంచు. బెల్లం మాత్రం అక్కకిచ్చేయ్, అరిసెలు చేస్తుంది.