టిఫినూ కాని, భోజనమూ కాని బ్రంచ్ గారికి

మహారాజశ్రీ బ్రంచ్ గారికి,

హైదరాబాదు నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, జేబులు మినహా. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. జూబ్లీహిల్స్ రోడ్డు నంబర్ 36 మొదలుకుని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఆదివారం పదకొండింటికి హోటళ్ల ముందు కార్లు పార్క్ చేసే కుర్రాళ్ల పరుగులు చూస్తేనే తెలిసిపోతోంది.

ముందు తమరి పుట్టుక సంగతి. 1895లో ఇంగ్లండ్‌లో గై బెరింజర్ అనే పెద్దమనిషి ఒక పత్రికలో తమరి తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. శనివారం రాత్రి మందు కొట్టి తిరిగినవాళ్లు ఆదివారం పెందలాడే లేవలేరు పాపం, చర్చి నుంచి రాగానే ఆ బరువైన మాంసాల భోజనం ఎందుకు, ఏ పన్నెండింటికో టీతో మొదలుపెట్టి మెల్లగా పెద్ద తిండిలోకి దిగితే పోలా అన్నాడు. అంటే తమరు పుట్టిందే తలనొప్పి ఉన్నవాడి మీద జాలితో. మరి ఇక్కడికొచ్చాక లేనివాడికి కూడా బిల్లుతో తెప్పించడం ఏం న్యాయం?

అసలు ఈ ఊరికి తమరు కొత్తేం కాదు. పాతబస్తీలో నిహారీలో కుల్చా ముంచుకునో, ఖిచిడీ మీద ఖీమా వేసుకుని పుల్లటి ఖట్టా పోసుకునో పదింటికి తిన్నవాడికి మూడు దాకా ఆకలి ఊసే ఉండదు. రెండు పూటల తిండి ఒక్కసారే కానిచ్చేయడం ఇక్కడ తాతల నాటి విద్య. కాకపోతే ప్లేటు పక్కన పువ్వు పెట్టడం వాళ్లకి తట్టలేదు.

తమరి తెలివంతా ఎక్కడుందో చెప్పనా? పదకొండుకీ పన్నెండున్నరకీ మధ్య ఉంది. ఆ టైముకి మా వీధి టిఫిన్ సెంటర్‌కి వెళ్లి చూడండి. అన్న అప్పటికే పెనం మీద నీళ్లు చల్లి చీపురుతో బర్రుమని గీకేస్తుంటాడు, ఇడ్లీ రేకులు నీళ్లలో నానుతుంటాయి, పల్లీ చట్నీ గిన్నెలో గరిటె ఒక్కటే మిగిలి ఉంటుంది. ‘అయిపోయింది సార్, ఉప్మా అయితే కొంచెం ఉంది’ అంటాడు, ఆ కొంచెం ఏ స్థితిలో ఉందో చూసి మనమే వద్దంటాం. పోనీ బిర్యానీకి పోదామా అంటే హండీ మూత చుట్టూ పెట్టిన పిండి ఇంకా ఊడదీయలేదు. ఆ గంటన్నరలో నిద్ర లేచిన పాపానికి మేం తమరి గుమ్మం తొక్కాలి. ఎడారిలో నీళ్లమ్ముకునేవాడు కూడా ఇంత మంచి చోటు చూసుకోడు.

ఇక రేటు. మా మేనత్త లెక్కల టీచరుగా రిటైరైంది. మొన్నామధ్య ఊరి నుంచి వస్తే, ఎప్పుడూ ఇడ్లీయేనా అని ఒక పెద్ద హోటల్లో తమరి దర్శనానికి తీసుకెళ్లాను. మెనూలో తలకి ఇంత అని వేసి పక్కన రెండు ప్లస్సులు పెట్టారు. అత్త కళ్లజోడు సర్దుకుని ‘ప్లస్సుల తర్వాత అంకెలు వేయడం మర్చిపోయారా నాయనా?’ అంది. మర్చిపోలేదత్తా, బిల్లులో వేస్తారు. గదికి రోజుకి 7,500 దాటి వసూలు చేసే హోటల్ అయితే తిండి మీద జీఎస్టీ 18 శాతం, మామూలు రెస్టారెంటు అయితే 5 శాతం, ఒక ప్లస్సు అది. రెండోది సర్వీస్ ఛార్జి. దాన్ని వాళ్లంతట వాళ్లే బిల్లులో కలపకూడదని, పేరు మార్చి కూడా వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సరేనంది. ఆ ప్లస్సు మాత్రం చెక్కుచెదరలేదు. తీసేయమంటే తీసేశారు లెండి. కాకపోతే ముందు వెయిటరు మేనేజరుని చూశాడు, మేనేజరు వచ్చి మమ్మల్ని చూశాడు, పక్క టేబుల్ వాళ్లు మా చెప్పులు చూశారు.

బడ్జెట్లో మంచి బ్రంచ్ ఎక్కడ అని ఆఫీసులో నన్ను అడుగుతుంటారు. తిండికైతే ఈ ఊళ్లో కరువేం లేదు. గుల్జార్ హౌజ్ వైపు వెళ్తే గోవింద్ బండి మీద వెన్న కారిపోయే దోశ, అక్కణ్నుంచి నడుచుకుంటూ వస్తే చార్మినార్ పక్కనే నిమ్రాలో ఉస్మానియా బిస్కెట్, చాయ్. ఇద్దరు కడుపునిండా తిన్నా ఆ ఖర్చు తమరి ఆవకాడో టోస్టు ఒక్కదాని ధరకి సరితూగదు. కానీ నిలబడి తినాలి. కూర్చోవాలంటే అబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్, హిమాయత్‌నగర్‌లో మినర్వా ఉన్నాయి, టిఫిన్లకి వంక పెట్టేదేం లేదు, కానీ ఆదివారం అక్కడ మన కుర్చీ వెనకే ఇంకో కుటుంబం నిలబడి మన ప్లేట్లో ఇంకెంత మిగిలిందో లెక్కపెడుతుంటుంది. పిల్లాడు అయితే నేరుగా అడిగేస్తాడు, ‘అంకుల్, అయిపోయిందా?’ అని.

అసలు గుట్టు ఇదీ. తమరు అమ్మేది గుడ్లూ కాదు, సోర్‌డో బ్రెడ్డూ కాదు, కుర్చీ. రెండు గంటలు ఎవరూ లేవమనని కుర్చీ. ఒకప్పుడు దాన్ని ఇరానీ హోటళ్లు ఒక్క చాయ్ ధరకే ఇచ్చాయి, పాలరాతి బల్ల ముందు పేపరు మొత్తం చదువుకుని, పక్కవాడితో రాజకీయాలు తేల్చుకుని మరీ లేచేవాళ్లు జనం. ఆ హోటళ్లు చాలావరకు మూతపడ్డాయి, ఆ సంగతి తమరికి ఎంత కలిసొచ్చిందో నేను చెప్పాలా? మిగిలినచోట్ల కూడా రద్దీకి చాయ్ తాగేసి కదలడమే.

కాబట్టి నా మనవి ఏమిటంటే, ధరలు తగ్గించమని అడగను, తమరు తగ్గించరని తెలుసు. బిల్లు మాత్రం నిజం రాయండి. టోస్టు, యాభై రూపాయలు. కుర్చీ, రెండు గంటలకి, నాలుగు వందలు. దాని మీద జీఎస్టీ. ఏసీ గాలి కూడా విడిగా వేసుకున్నా సరే, మా అత్త కూడి చూసుకుంటుంది. నిలబడి తినేవాళ్లకి ఎంత తగ్గిస్తారో కూడా మెనూలో వేయిస్తే వచ్చే ఆదివారం నలుగురం వస్తాం, నీళ్ల సీసాలు మావే తెచ్చుకుంటాం.

ఇట్లు,
పదకొండుంబావుకి ఖాళీ కడుపుతో,
తమరి విధేయుడు