లాగితే ఊడదు, రుద్దితే పోదు: మగపిల్లల ‘శుభ్రత’ మెసేజ్‌కు జవాబు

మగపిల్లలున్న ఇళ్లలో ఫోన్ నుంచి ఫోన్‌కు ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం ఇది: పుట్టిన రోజు నుంచే అంగం ముందరి చర్మాన్ని వెనక్కి లాగి కడగాలి, లేకపోతే జీవితాంతం అతుక్కుపోతుంది. లోపల చేరే తెల్లటి పదార్థం విషం, దానివల్లే క్యాన్సర్. పెద్దయ్యాక రోజూ సబ్బుతో, యాంటీసెప్టిక్ లోషన్‌తో రుద్దాలి. దురద వచ్చిందంటే శుభ్రత లేనట్టే. బిగుతుగా ఉంటే సున్తీ ఒక్కటే దారి, అది చేయించుకుంటే ఇక ఏ రోగమూ అంటదు.

ప్రతి మాటలోనూ చిటికెడు నిజం ఉంది కాబట్టే ఇది ఇంతకాలం బతికింది. పైగా ఇది ఎవరినీ నోరు తెరిచి అడగలేని విషయం. అడగడానికి సిగ్గుపడేవాళ్లు ఫార్వర్డ్ చేయడానికి మాత్రం సిగ్గుపడరు.

ముందు ‘లాగకపోతే అతుక్కుపోతుంది’ అన్న మాట చూద్దాం. అది కొత్తగా అతుక్కునేది కాదు, పుట్టుకతోనే అతుక్కుని ఉంటుంది. గోరు కింద చర్మం గోరును పట్టుకుని ఉన్నట్టు, పసివాడి ముందరి చర్మం లోపలి పొర అంగం మొనను పట్టుకుని ఉంటుంది. బ్రిటన్ పిల్లల వైద్యుడు డగ్లస్ గెయిర్డ్‌నర్ 1949లోనే ఈ సంగతి రాశారు. ఆయన చూసిన అప్పుడే పుట్టిన పిల్లల్లో నూటికి నలుగురికే చర్మం పూర్తిగా వెనక్కి వెళ్లింది. అయితే మూడేళ్లు వచ్చేసరికి నూటికి తొంభై మందిలో అది విడిపోతుందని కూడా ఆయన లెక్క కట్టారు. అది కాస్త తొందరపాటు లెక్క. 1968లో డెన్మార్క్ వైద్యుడు యాకోబ్ ఊస్టర్ బడిపిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించి చూస్తే, 6-7 ఏళ్ల వాళ్లలో 63 శాతం మందికి ఇంకా ఎంతో కొంత అతుకు మిగిలే ఉంది. 16-17 ఏళ్లకు అది 3 శాతానికి తగ్గింది. చర్మం బిగుతు కూడా అంతే, 8 శాతం నుంచి 1 శాతానికి దిగింది. వయసు పెరిగేకొద్దీ అదే వదులవుతుందన్న మాట.

బలవంతంగా లాగితే ఆ లేత పొర చిరుగుతుంది, రక్తం వస్తుంది. మానేటప్పుడు మచ్చ కట్టి గట్టిపడుతుంది. ఫైమోసిస్ (చర్మం వెనక్కి రానంత బిగుతు) రాకూడదని భయపడి చేసిన పనే అసలైన ఫైమోసిస్‌ను తెచ్చిపెడుతుంది. ఈ మెసేజ్‌లో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఈ సలహానే, ఎందుకంటే దీని బాధ పడేది నోరు లేని పసివాడు. వాడికి స్నానంలో పైపైన నీళ్లు పోస్తే చాలు. చర్మం కింద తెల్లటి ముత్యాల్లాంటి ఉండలు కనిపిస్తే అది చీము కాదు, రాలిన చర్మకణాల ముద్ద. పొరలు విడిపోతున్నాయనడానికి అదొక గుర్తు. మూత్రం పోసేటప్పుడు చర్మం కాసేపు బుడగలా ఉబ్బినా, నొప్పీ ఇబ్బందీ లేకపోతే టెన్షన్ పడనక్కర్లేదు. మొదటిసారి వెనక్కి జరపాల్సింది ఆ పిల్లవాడే, తనకు నొప్పి లేనంత వరకే.

ఇక ‘విషం’ సంగతి. ఆ తెల్లటి పదార్థం పేరు స్మెగ్మా. అంటే రాలిన చర్మకణాలు, నూనె, చెమ్మ, అంతే. ఆడవాళ్లలోనూ తయారవుతుంది. దీన్ని క్యాన్సర్‌తో ముడిపెట్టిన ప్రచారం వెనుక 1947 నాటి ఒక ప్రయోగం ఉంది. అందులో వాడింది గుర్రం స్మెగ్మా, ప్రయోగించింది ఎలుకల మీద. మనుషుల్లో స్మెగ్మాయే క్యాన్సర్ తెస్తుందని రుజువు కాలేదు. రుజువైన కారణాలు వేరు. పురుషాంగ క్యాన్సర్లలో సుమారు సగం లైంగిక సంపర్కంతో సోకే హెచ్‌పీవీ వైరస్‌తో ముడిపడినవి. పొగతాగడం, పెద్దయ్యాక కూడా వెనక్కి రాని బిగుతు చర్మం, దాని కింద ఏళ్ల తరబడి సాగే వాపు, లైకెన్ స్క్లెరోసస్ అనే తెల్లమచ్చల జబ్బు మిగతావి. కాబట్టి పెద్దవాళ్లు కడుక్కోవడం మానేయొచ్చని ఎవరూ అనడం లేదు. మానని పుండు, గట్టి గడ్డ, చర్మం కింద నుంచి రక్తం కనిపిస్తే మాత్రం కడుక్కుంటూ కూర్చోకుండా డాక్టర్‌కు చూపించాలి.

సబ్బు, లోషన్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అక్కడి చర్మం పెదవి లోపలి చర్మంలా పల్చన. పెదవి లోపల యాంటీసెప్టిక్ రుద్దుకుంటామా? పెద్దవాళ్లు రోజుకోసారి చర్మాన్ని మెల్లగా వెనక్కి జరిపి, గోరువెచ్చని మామూలు నీళ్లతో కడిగి, తడి ఆరనిచ్చి, మళ్లీ ముందుకు జరపాలి. పదేపదే వచ్చే ఎరుపు, మంటలకు అతిగా కడగడమే కారణమైన వాళ్లు తక్కువేమీ కాదు.

‘దురద అంటే మురికి’ అనడం మరీ ప్రమాదం. నడివయసు మనిషికి ఉన్నట్టుండి దురద, తెల్లటి పొర, చర్మం అంచు చుట్టూ సన్నటి చీలికలు వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది షుగర్‌ను. మూత్రంలో చక్కెర పోతుంటే కాండిడా అనే ఫంగస్‌కు అక్కడ విందే. షుగర్ ఉన్నట్టు మొదట ఇలాగే బయటపడేవాళ్లూ ఉన్నారు. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతుంటే ఈ ఇబ్బంది వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. అవి చక్కెరను మూత్రంలోకి పంపే పనే చేస్తాయి మరి. అలాగని మాత్ర సొంతంగా ఆపేయకూడదు, రాసిచ్చిన డాక్టర్‌కు చెప్పాలి. ఆ మనిషికి ‘నీకు శుభ్రత లేదు’ అని చెప్పి పంపితే ఇంకో సబ్బు కొనుక్కుంటాడు, రక్తపరీక్ష చేయించుకోడు. లేదంటే మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము తెచ్చి రాస్తాడు. నాలుగు రోజులు చల్లగా ఉంటుంది, ఆ తర్వాత ఫంగస్ మరింత ముదురుతుంది.

స్టెరాయిడ్ పేరెత్తాను కాబట్టి మెసేజ్‌లోని చివరి మాటకు, అంటే బిగుతుకు సున్తీ ఒక్కటే దారి అన్నదానికి వస్తాను. అదే స్టెరాయిడ్ పూత, డాక్టర్ చూసి రాస్తే, బిగుతు చర్మానికి మంచి మందు. సాధారణంగా బీటామెథాసోన్ లాంటిది రోజుకు రెండుసార్లు, 4 నుంచి 8 వారాలు రాస్తే చాలామంది పిల్లలకు చర్మం వదులై ఆపరేషన్ అవసరమే రాదు. మచ్చ కట్టి గట్టిపడినప్పుడు, వాపు మళ్లీ మళ్లీ తిరగబెట్టినప్పుడు సున్తీ సరైన చికిత్సే, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. దానికి లాభాలూ ఉన్నాయి. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో జరిగి 2005-07 మధ్య ఫలితాలు వెలువడిన మూడు ప్రయోగాల్లో, స్త్రీ నుంచి పురుషుడికి హెచ్‌ఐవీ సోకే ముప్పు సుమారు 60 శాతం తగ్గింది. అరవై శాతమే, నూరు శాతం కాదు. గనేరియా, సిఫిలిస్‌లకు అది కవచం కాదు, కండోమ్‌కు బదులూ కాదు.

ఇంత హడావిడి చేసిన మెసేజ్, నిజంగా పరిగెత్తాల్సిన సందర్భాన్ని మాత్రం వదిలేసింది. వెనక్కి జరిపిన చర్మం ముందుకు రాకుండా మొన వెనక ఉంగరంలా బిగుసుకుని, మొన వాచిపోతే అది పారాఫైమోసిస్. రక్తప్రసారం ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. కడిగాక చర్మాన్ని ముందుకు జరపమన్నది అందుకే. అది తిరిగి రాకపోతే సిగ్గుపడి తెల్లారేదాకా ఆగకూడదు, ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.