కడుపు మంటను గోలీలతో కప్పిపెట్టొద్దు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాంటోప్రజోల్ గోలీలు కొనడానికి ఏ చీటీ అక్కర్లేదు. కడుపులో మంట అంటే చాలు, ఆర్‌ఎంపీ ఓ షీట్ చేతిలో పెడతాడు. మంట తగ్గుతుంది. గోలీ ఆపగానే మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఇంకో షీట్. ఏళ్ల తరబడి ఇదే తంతు. అసలు ఆ మంట ఎందుకొస్తోందని పరీక్ష చేయించుకున్నవాళ్లు ఊరికి ఎందరుంటారు? కడుపు, కాలేయం క్యాన్సర్ల విషయంలో మన ఆరోగ్య వ్యవస్థ మొదట అడగాల్సిన ప్రశ్ననే వదిలేసింది.

మానని వాపుకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1863లోనే అనుమానించాడు. కణితుల్లో తెల్ల రక్తకణాలు చేరి ఉండటం ఆయన గమనించాడు. ఇన్‌ఫ్లమేషన్ అనే ఈ వాపు నిజానికి శరీరం చేసుకునే రక్షణ. క్రిమి చేరగానే తెల్ల కణాలు వచ్చి ఘాటైన రసాయనాలు వదిలి దాన్ని చంపుతాయి. పని అయ్యాక వెళ్లిపోవాలి. క్రిమి చావకపోయినా, పొగాకో తాగుడో రోజూ ఒంటి లోపలి పొరను దెబ్బతీస్తున్నా అవి వెళ్లవు. అప్పుడు ఆ రసాయనాలే మన కణాల డీఎన్‌ఏను పాడుచేస్తాయి. చచ్చిన కణాల చోటు నింపడానికి పక్క కణాలు విభజన చెందుతూనే ఉంటాయి. దెబ్బతిన్న డీఎన్‌ఏ అలా కొత్త కణాలకు చేరుతుంది. పైగా వాపు పుట్టించే సంకేతాలు, చావాల్సిన కణాలను కూడా బతికిస్తాయి.

కడుపులో ఈ పని చేసేది హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి. 1984లో ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ ఆ క్రిమిని స్వయంగా తాగి, తన కడుపులోనే వాపు తెచ్చుకుని రుజువు చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే ఈ క్రిమిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మొదట వాపు, తర్వాత కడుపు పొర పలచబడటం, ఆ పొర పేగు పొరలా మారడం, చివరికి కొందరిలో క్యాన్సర్. దీనికి దశాబ్దాలు పడుతుంది. అంటే ఆపడానికి మనకు దశాబ్దాల గడువు ఉంది! పాంటోప్రజోల్ ఆ గడువును కరిగిస్తుంది. అది యాసిడ్‌ను తగ్గిస్తుందే కానీ ఒంటరిగా క్రిమిని చంపలేదు. ఒక్కోసారి క్యాన్సర్ లక్షణాలనూ కప్పేస్తుంది. పరీక్షకు రెండు వారాల ముందు గోలీ ఆపకపోతే, క్రిమి ఉన్నా లేనట్టు రిపోర్టు రావచ్చు.

మన దేశంలో సగం మందికి పైగా ఈ క్రిమి ఉంది, అయినా కడుపు క్యాన్సర్ తక్కువే, అందరికీ యాంటీబయాటిక్స్ ఇస్తే అవి పనిచేయకుండా పోతాయి అని కొందరు డాక్టర్లు అంటారు. ఆ భయం న్యాయమైనదే. కానీ నేను అడిగేది అందరికీ మందులు కాదు. నెలల తరబడి మంటతో తిరిగే మనిషికి ఒక మలపరీక్ష. క్రిమి ఉంటేనే రెండు వారాల కోర్సు.

కాలేయానిదీ ఇదే కథ. హెపటైటిస్ బి వైరస్ అక్కడ ఏళ్ల తరబడి వాపును నడిపిస్తుంది. తైవాన్ 1984లోనే అప్పుడే పుట్టిన పిల్లలకు టీకా మొదలుపెట్టింది, పిల్లల్లో కాలేయ క్యాన్సర్ పడిపోయింది. మన దగ్గర 2011కి గానీ ఆ టీకా దేశమంతటికీ విస్తరించలేదు. ముప్పై, నలభై ఏళ్ల వాళ్లలో ఎక్కువ మందికి అది అందలేదు. వాళ్లను పరీక్షించేదెవరు? ఊళ్లలో జరిగే క్యాన్సర్ స్క్రీనింగ్ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం దగ్గరే ఆగిపోతోంది.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలైంది. సంతోషమే. కానీ ఆ డబ్బు కదిలేది కణితి బయటపడ్డాక. ఈ తీరు నల్లగొండకు కొత్త కాదు. మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో వంగిన ఎముకలను ఏ ఆపరేషనూ పూర్తిగా సరిచేయలేదు. కావాల్సింది మంచినీళ్లు, అవి రావడానికి తరాలు పట్టింది. హెలికోబాక్టర్ కూడా ఎక్కువగా చిన్నతనంలోనే, ఇరుకిళ్లలో, శుభ్రత కరువైన చోట అంటుకుంటుంది. వలస వెళ్లి, భవనాలు కట్టే చోట రేకుల షెడ్లలో పిల్లలను పెంచే పాలమూరు కూలీలకు ఇంతకంటే వేరే బతుకు ఎప్పుడు దొరికింది? పేదరికం తెచ్చిన రోగానికి కార్పొరేట్ ఆసుపత్రిలో బిల్లు కట్టడాన్ని ప్రజారోగ్యం అని పిలవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెలికోబాక్టర్ మలపరీక్ష పెట్టాలి. ఆశా కార్యకర్తలు చేసే సర్వేలోనే పెద్దవాళ్లకు హెపటైటిస్ బి పరీక్ష చేర్చాలి. హెపటైటిస్ మందులు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితమే, కాబట్టి ఖర్చు సాకు చెల్లదు. బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, ముద్ద మింగుడు పడకపోయినా ఇంకో షీట్ ఇవ్వకుండా నేరుగా ఎండోస్కోపీకి పంపమని ఆర్‌ఎంపీలకు ఈ ఏడాదే శిక్షణ ఇవ్వాలి.