పంటి వేరు ఆపరేషన్ దండగ అంటున్న ఆ మెసేజ్ గురించి

"రూట్ కెనాల్ చేసిన పంటికి మళ్ళీ చీము పడితే ఆపరేషన్ దండగ, సగం ఫెయిలవుతాయి, మైక్రోస్కోప్ బిల్లు పెంచడానికే, యాంటీబయాటిక్స్ వాడండి, తగ్గకపోతే పీకించి ఇంప్లాంట్ పెట్టించుకోండి" అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇది నమ్మి బాగుపడే పన్ను పీకించుకునేవాళ్ళు ఉంటారనే నా బాధ.

ఈ ఆపరేషన్‌లో వేరు కొనని కోసి, తెరుచుకున్న చివరని పూడ్చేస్తారు. సగం ఫెయిలవుతాయన్నది పాత పద్ధతి లెక్కండీ. అప్పట్లో మామూలు డ్రిల్లుతో వేరు కొనని 45 డిగ్రీల ఏటవాలుగా కోసి అమాల్గం అనే లోహపు మిశ్రమంతో పూడ్చేవాళ్ళు, అలా కోస్తే లోపలి వైపు కెనాల్ (వేరులో ఉండే సన్న గొట్టం) తెగకుండా మిగిలిపోయే ప్రమాదం, పైగా బ్యాక్టీరియా కారే దారులు ఎక్కువ తెరుచుకుంటాయి. ఇప్పుడు కొన నుంచి 3 మిల్లీమీటర్లు దాదాపు అడ్డంగా కోస్తారు, ఎందుకంటే కెనాల్ సన్న పాయలు ఎక్కువగా ఉండేది అక్కడే, తర్వాత అల్ట్రాసోనిక్ టిప్ (వేగంగా కంపించే సన్న మొన)తో కెనాల్‌ని ఇంకో 3 మిల్లీమీటర్లు లోపలికి శుభ్రం చేసి ఎంటీఏ లాంటి సిమెంట్‌తో మూసేస్తారు. 2010లో సెట్జర్ అనే పరిశోధకుడి బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు కలిపి చూస్తే పాత పద్ధతి సక్సెస్ 59 శాతం, మైక్రోసర్జరీ, అంటే మైక్రోస్కోప్‌లో చూస్తూ చేసే ఈ కొత్త పద్ధతి, దాదాపు 94. ఎక్కువ ఏళ్ళు ఫాలో అయితే ఈ 94 కొంత తగ్గుతుంది, అది కూడా చెప్పాలి.

మైక్రోస్కోప్ సంగతి, అదే బృందం 2012లో చూసింది. మిగతావన్నీ కొత్త పద్ధతే, మైక్రోస్కోప్ ఒక్కటే లేకపోతే 88 శాతం. ముందు పళ్ళకి చెప్పుకోదగ్గ తేడా తేలలేదు, దవడ పళ్ళకి మాత్రం తేలింది. రెండు కెనాల్స్‌ని కలిపే సన్న సందు, జుట్టంత పగులు మామూలు కంటికి ఆనవు మరి.

యాంటీబయాటిక్స్ వాపు, జ్వరం ఉంటే పనికొస్తాయి, అంతే. చచ్చిన పంటి లోపలికి రక్తం పోదు, మందెలా చేరుతుంది?

వేరు నిలువునా చీలితే పీకాల్సిందే, కాదనను. కానీ ఇంప్లాంట్ పెట్టినా దాని చుట్టూ ఇన్ఫెక్షన్ వచ్చి ఎముక కరగొచ్చు, ఆ మాట మెసేజ్‌లో లేదు. అసలు ఆపరేషన్ కంటే ముందు మళ్ళీ రూట్ కెనాల్ చేయడం కుదురుతుందేమో చూస్తారు, అదీ లేదు. పీకేద్దాం అంటే వేరు చీలిందా, రీ-ట్రీట్‌మెంట్ ఎందుకు కుదరదు అని డాక్టర్‌ని అడిగి, ఎక్స్‌రేలో చూపించమనండి.